జాబితాలో పేరున్న సినిమాకు తక్కువ మార్కులు వేయవచ్చునా?

ఎంవీపీ మేడగది:

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద శనివారం సాయంత్రాలు ప్రపంచ ఉత్తమ చిత్రాలను చూస్తున్న సంగతి ఇక్కడి సభ్యులకు తెలిసినదే. బ్రిటన్ నుండి వెలువడే సైట్ అండ్ సౌండ్ పత్రిక 2022లో ప్రకటించిన జాబితాను ముందు పెట్టుకున్నాము. ప్రదర్శనకు ముందు నేను లేచి, ఆ చిత్రం జాబితాలో ఎన్నో స్థానంలో ఉన్నదో, దర్శకుడు ఎవరో, ఎప్పుడు వచ్చిందో నాలుగు మాటలు చెబుతాను. సినిమా అయిపోగానే ఎవరికి వారు పదికి ఎన్ని మార్కులు ఇస్తారో చీటీ మీద పేరు లేకుండా వ్రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. సగటు కట్టి నేను ఇక్కడ పెడుతున్నాను.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఏ సినిమాకైనా చీటీలు ఎనిమిది దగ్గరో తొమ్మిది దగ్గరో ఆగిపోతున్నాయి. కిందికి దిగి టీ తాగేటప్పుడు మాత్రం "మధ్యలో కునుకు పట్టింది", "ఒక అరగంట తగ్గించి ఉంటే బాగుండేది" అన్న మాటలు వినబడుతున్నాయి. ఎనిమిది వేసినవారూ కునుకు తీసినవారూ వేర్వేరు మనుషులైతే నాకు అభ్యంతరం లేదు, కాని చీటీలన్నీ ఎనిమిదులే అయినప్పుడు ఆ లెక్క కుదరదు కదా. మొన్న ఓజు తీసిన జపాన్ చిత్రం టోక్యో స్టోరీ చూసినప్పుడు ఒకే ఒక్క చీటీలో నాలుగు కనిపించింది. అది ఎవరిదని ఆరా తీసే ఉద్దేశం నాకు లేదు. నేను అడుగుతున్నది ఒక్కటే: ఇంతమంది పెద్దలు గొప్పదన్న చిత్రానికి మనం వేసే మార్కు దేనిని కొలవాలి? ఆ చిత్రం స్థాయినా, మనకు కలిగిన అనుభవాన్నా?

జగదాంబ బాల్కనీ:

మేడగది గారూ, ముందుగా ఆ "ఇంతమంది పెద్దలు" అన్న మాట ఎంత బరువు మోయగలదో చూడాలి. ఆ పత్రిక 1952 నుండి పదేళ్లకు ఒకసారి విమర్శకులను అడుగుతూ వస్తున్నది. ఒక్కొక్కరు పది చిత్రాల పేర్లు ఇస్తారు. ఆ పదిలో ఏది ముందు, ఏది వెనుక అన్న తేడా లెక్కలోకి రాదు, ప్రతి పేరుకూ ఒకే ఓటు. ఎవరూ ఏ చిత్రానికీ మార్కులు వేయరు. అంటే మనం డబ్బాలో వేస్తున్న చీటీకీ ఆ జాబితాకూ అసలు కొలమానమే వేరు.

ఇంకొక సంగతి చూడండి. 2012లో 846 మంది ఓటు వేస్తే మొదటి స్థానానికి వచ్చిన హిచ్‌కాక్ చిత్రం వెర్టిగోకు పడినవి 191 ఓట్లు. నలుగురిలో ఒకరు కూడా దానిని తమ పదిలో పెట్టుకోలేదన్న మాట. రెండో స్థానంలో ఉన్న సిటిజన్ కేన్‌కు 157. లోకమంతా ఏకగ్రీవంగా తలూపిందని మనం అనుకునే మొదటి స్థానం వెనుక ఉన్నది ఇంతే. మిగిలిన మూడు వంతుల మందికి ఆ చిత్రం నచ్చలేదని నేను అనడం లేదు. పదే పేర్లు ఇవ్వాలంటే నచ్చినవి కూడా జారిపోతాయి.

ఆ మొదటి స్థానం స్థిరంగా ఉన్నదీ లేదు. 1952లో మొదటిసారి అడిగినప్పుడు డి సికా తీసిన బైసికిల్ థీవ్స్ మొదట నిలిచింది. అప్పటికి అది వచ్చి నాలుగేళ్లే. 1962 నుండి 2002 వరకు వరుసగా సిటిజన్ కేన్. 2012లో వెర్టిగో. 2022లో శాంటల్ ఆకెర్మన్ 1975లో తీసిన జాన్ డీల్మన్ పైకి వచ్చింది, పదేళ్ల క్రితం అది మొదటి ముప్పయిలో కూడా లేదు. ఓటు వేసినవారి సంఖ్య 846 నుండి 1,600 దాటింది, ఓటు వేసే మనుషులు మారారు, అందుబాటులో ఉన్న ప్రింట్లు మారాయి. చిత్రాలు మాత్రం అప్పటివే. కాబట్టి ఆ స్థానానికి భయపడి ఎనిమిది వేయవలసిన అవసరం ఎవరికీ లేదు.

కొత్తవలస కుర్రవాడు:

ఆ నాలుగు నాది. దాచుకోవలసినదేమీ లేదు కనుక చెబుతున్నాను.

ముసలి తల్లిదండ్రులు ఊరి నుండి పిల్లలను చూడటానికి రావడం, పిల్లలకు తీరిక లేకపోవడం, చనిపోయిన కొడుకు భార్య మాత్రమే ఆదరించడం అనే కథ నాకు అర్థం కాక కాదు. కెమెరా నేలకు దగ్గరగా, చాప మీద కూర్చున్న మనిషి చూపు ఎత్తులో నిలబడి ఉంటుందనీ, అది ఓజు పద్ధతి అనీ మేడగది గారు ముందే చెప్పారు. చెప్పినందువల్ల నేను రెండు గంటల పదహారు నిమిషాలూ ఆ ఎత్తునే గమనిస్తూ కూర్చున్నాను. పాత్రలు నవ్వు మొహాలతో మాట్లాడుకుంటుంటే వాళ్ల మనసులో ఏమున్నదో నేను ఊహించుకోవలసి వచ్చింది, ఊహించుకోవాలని అనిపించలేదు. 2012లో దర్శకుల ఓటింగులో ఇదే చిత్రం మొదటి స్థానంలో నిలిచిందని నాకు తెలుసు. ఆ దర్శకులు చూసినది వాళ్లు చూశారు, నేను చూసినది నేను చూశాను. నా చీటీ మీద వాళ్ల మార్కు వేస్తే అది నా చీటీ ఎలా అవుతుంది?

పేరు లేని చీటీ మీద కూడా మనం ఎనిమిదే వేస్తున్నామంటే భయం పక్కవారిని చూసి కాదు. తక్కువ వేస్తే నాకు సినిమా చూడటం రాదేమోనని ఎవరికి వారు భయపడుతున్నారు.

సీతమ్మధార సుధ:

కుర్రవాడు నిజాయితీగా వేసిన నాలుగును నేను గౌరవిస్తాను, కాని దానితో ఏకీభవించను. ఆ రోజు నేను మా అమ్మను వెంట తీసుకువచ్చాను. ఆవిడకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదవడం రాదు కనుక వెనుక వరుసలో కూర్చుని, ఎవరికీ ఇబ్బంది కలగకుండా చెవిలో తెలుగులో చెబుతూ వచ్చాను. పిల్లలు తల్లిదండ్రులను ఇంట్లో ఉంచుకోలేక డబ్బులు పోగుచేసి అటామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపే ఘట్టం గుర్తుందా? సత్రంలో రాత్రంతా కుర్రకారు ఆటలు, పాటలు. ఇద్దరికీ నిద్ర పట్టదు. మర్నాడు సముద్రపు గోడ మీద కూర్చుని ఇంటికి వెళ్లిపోదామనుకుంటారు. లేవబోతూ ఆ ముసలావిడ తూలి, ఒక్క క్షణం ఆగి, సర్దుకుని నడుస్తుంది. నేను అక్కడ చెప్పవలసిన మాటలేమీ లేవు. అయినా మా అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇంక ఈవిడ ఉండదే" అన్నది. కథ ఇంకా అక్కడికి రాలేదు.

ఆవిడ చీటీ మీద వేసినది పది. ఓజు ఎవరో ఆవిడకు తెలియదు, జాబితా అసలే తెలియదు. మేడగది గారు సినిమాకు ముందు చెప్పినదానిలో సగం ప్రొజెక్టరు చప్పుడులో ఆవిడకు వినబడనే లేదు. కుర్రవాడి నాలుగు, మా అమ్మ పది, రెండూ జాబితా నీడ పడని మార్కులు. నడుమ ఉన్న ఎనిమిదుల సంగతే మనం తేల్చుకోవాలి.

నాది ఎనిమిది. అదీ నిజమైన ఎనిమిదే, ఎవరూ అనుమానించనక్కర లేదు.

లెక్కల మాస్టారు:

సగటు గురించి ఒక మాట. నలుగురు చూసి ఇద్దరు పది, ఇద్దరు నాలుగు వేస్తే సగటు ఏడు. నలుగురూ ఏడేసి వేసినా ఏడే. మొదటి చిత్రం మనుషులను రెండుగా చీల్చింది, రెండోది అందరి దగ్గరా పాస్ అయింది. మేడగది గారు పెట్టే పట్టికలో రెండూ పక్కపక్కన కూర్చుంటాయి. మన జాబితా చిత్రాల విషయంలో ఆ చీలికే అసలు సమాచారం. కాబట్టి సగటుతో పాటు అతి తక్కువ, అతి ఎక్కువ మార్కులు కూడా వేయండి, అది చాలు.

రెండో సమస్య హాజరుది. వర్షం పడిన శనివారం ఇద్దరే వచ్చి ఇద్దరూ పది వేస్తే ఆ చిత్రం మన పట్టికలో శిఖరాన కూర్చుంటుంది. ప్రేక్షకులు సినిమాలకు మార్కులు వేసే ఐఎండీబీ వెబ్‌సైటు వారు తమ 250 చిత్రాల పట్టికకు ఇదే చిక్కు వస్తుందని ఒక సూత్రం వాడుతూ వచ్చారు. ఓట్లు తక్కువగా ఉన్న చిత్రాన్ని మొత్తం చిత్రాల సగటు వైపు లాగడం దాని సారాంశం. ఓట్లు పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. పైగా ఇరవై అయిదు వేల ఓట్లు లేని చిత్రానికి ఆ పట్టికలో చోటే లేదు.

మనకు వర్తింపజేసి చూపిస్తాను. మన మొత్తం సగటు 7.5 అనుకుందాము. ప్రతి చిత్రానికీ ఆ 7.5 మార్కు వేసిన అయిదుగురు ఊహా ప్రేక్షకులను కలుపుదాము. ఇద్దరు చూసి పదేసి వేసిన చిత్రం: ఇరవై, దానికి ముప్పయి ఏడున్నర కలిపితే 57.5, ఏడుతో భాగిస్తే సుమారు 8.2. పద్నాలుగు మంది చూసి సగటున 8.6 వేసిన చిత్రం: 120.4కు 37.5 కలిపితే 157.9, పంతొమ్మిదితో భాగిస్తే సుమారు 8.3. రెండోది ముందుకు వచ్చింది. న్యాయం కూడా అదే.

అయితే ఈ సూత్రానికి ఒక స్వభావం ఉన్నది. అది ఎక్కువమంది చూసినదానిని నమ్ముతుంది. తక్కువమంది చూసిన గొప్ప చిత్రాన్ని పైకి రానివ్వదు. కోట్ల మంది ప్రేక్షకులున్న ఐఎండీబీ పట్టికలో షాషాంక్ రిడెంప్షన్ ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉండటానికీ, విమర్శకుల జాబితా పైభాగంలో అది కనిపించకపోవడానికీ కారణాలు వెతికేవారు ముందు ఓటు వేసినవారు ఎవరో, వారిని ఏమని అడిగారో చూడాలి. ఒకచోట "ఈ చిత్రానికి ఎన్ని మార్కులు" అని అడిగారు. ఇంకొకచోట "చిత్రాలన్నింటిలో పది చెప్పండి" అని అడిగారు.

భీమిలి బాట:

ఇన్ని లెక్కలు వేశారు, సంతోషం. ఆ పత్రిక జాబితాలోని నూరు చిత్రాల్లో తెలుగు చిత్రం ఒక్కటీ లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదేమి? భారతదేశం మొత్తానికి ఉన్నది సత్యజిత్ రాయ్ తీసిన పథేర్ పాంచాలి ఒక్కటే, 35వ స్థానంలో. సరే, విదేశీయులకు మన సినిమా తెలియదనుకుందాము. అంతర్జాతీయ విమర్శకుల సమాఖ్య ఫిప్రెసీ భారత విభాగంలో ముప్పయి మంది రహస్యంగా ఓటు వేసి 2022లో పది ఉత్తమ భారతీయ చిత్రాలను ప్రకటించారు. బెంగాలీ, హిందీ, మలయాళం, కన్నడం ఉన్నాయి. మనది లేదు. వాళ్లు మన దేశంవాళ్లే కదా!

2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ వార్తా ఛానెల్ వారు ప్రజలను ఓటు అడిగినప్పుడు మాయాబజార్ భారతీయ చిత్రాలన్నింటిలో మొదట నిలిచింది. ప్రజలను అడిగితే వస్తుంది, పండితులను అడిగితే రాదు. మన మేడ మీద కూడా పండితుల జాబితానే పట్టుకుని కూర్చున్నాము. సముద్రం ఒడ్డున ఉండి, ఈ ఊరిలోనే తీసిన మరో చరిత్రను మన పట్టికలో చేర్చుకోలేకపోతున్నాము. 1978లో, రంగుల సినిమాలు మామూలైపోయిన కాలంలో, బాలచందర్ గారు నలుపు తెలుపులో తీసిన చిత్రమది. తమిళనాట డబ్బింగు లేకుండా తెలుగులోనే ఆడింది.

జగదాంబ బాల్కనీ:

భీమిలి బాట గారూ, మీ బాధ నాకూ ఉన్నది, కాని కోపం సరైన చోటికి పంపాలి. విమర్శకుడు చూడని చిత్రానికి ఓటు వేయలేడు. చూడాలంటే మంచి ప్రింటు, సరైన సబ్‌టైటిళ్లు, చూపించే వేదిక ఉండాలి. వెర్టిగో సంగతే తీసుకోండి. హక్కులు హిచ్‌కాక్ దగ్గరే ఉండటంతో ఆ చిత్రం చాలా ఏళ్లు ప్రదర్శనలో లేదు, ఆయన పోయిన తరువాత 1980లలో మళ్లీ విడుదలైంది. 1982లో ఏడో స్థానం, 1992లో నాలుగు, 2002లో రెండు, 2012లో ఒకటి. చూడగలిగినవారు పెరిగేకొద్దీ మెట్లు ఎక్కింది. పథేర్ పాంచాలి నెగటివు 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో అగ్నిప్రమాదానికి గురైతే, కాలినదానిని కూడా వదిలిపెట్టకుండా ఒక్కొక్క ఫ్రేము బాగుచేసి 2015లో కొత్త ప్రింటు తెచ్చారు. మాయాబజార్‌కు 2010లో మనవాళ్లు రంగులు వేశారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపులో పట్టిన ఆ వెన్నెలను ఉన్నదున్నట్టుగా శుభ్రపరిచి, పాటలకూ పింగళి వారి మాటలకూ దీటైన సబ్‌టైటిళ్లు వేయించి బయటి దేశాల వారికి చూపించడానికి అంత ఉత్సాహం చూపితే ఇంకా బాగుండేదని నా అభిప్రాయం. రంగుల ప్రతిని ఇష్టపడేవారు నన్ను క్షమించనక్కర లేదు, తిట్టుకోవచ్చు.

ఇంకొక మాట. జాబితాకు ఎక్కే తరహా తెలుగు చిత్రాలు మనకు లేకపోలేదు. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథను తీసుకుని "ఒక ఊరి కథ" అనే చిత్రాన్ని తెలుగులో తీశారు. గౌతమ్ ఘోష్ మా భూమి ఉన్నది. నరసింగరావు గారి దాసి ఉన్నది, అందులో నటనకు అర్చన జాతీయ పురస్కారం అందుకున్నారు. మన మేడ మీద వీటిని చూసినవారు ఎంతమంది? చూడకుండా పండితులను తప్పుపట్టడం నాకు రుచించదు.

కొత్తవలస కుర్రవాడు:

దాసి చూపిస్తానంటే ఇప్పుడే చీటీ సిద్ధం చేసుకుంటాను. జాబితాలో లేదు కనుక ఎవరూ మొహమాటపడి ఎనిమిది వేయరు.

సీతమ్మధార సుధ:

మళ్లీ మార్కుల దగ్గరికి వస్తాను. నాకు జాన్ డీల్మన్ విషయంలో వేరే చిక్కు ఎదురైంది. ఆ చిత్రం నేను ఇంట్లో, లాప్‌టాప్ మీద, మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు ముక్కలు ముక్కలుగా చూశాను. మధ్యలో పాలవాడు, కొరియరు, మా అబ్బాయి లెక్కల హోంవర్కు. ఒక గృహిణి మూడు రోజుల జీవితం అది. గది వదిలినప్పుడల్లా లైటు ఆర్పుతుంది, బంగాళాదుంపలు ఉడకబెడుతుంది, కొడుకు బూట్లు తుడుస్తుంది. మొదటి రోజంతా ప్రతి పనీ గడియారంలా సాగుతుంది. రెండో రోజు సాయంత్రం బంగాళాదుంపలు ఎక్కువ ఉడికిపోతాయి. ఆవిడ ఆ గిన్నె చేతితో పట్టుకుని వంటగదిలోంచి బయటికి, మళ్లీ లోపలికి, ఎక్కడ పారబోయాలో తోచక తిరుగుతుంది. అంతకుముందు రోజు ఆవిడ పనితీరును ఓపికగా చూసినవారికి ఆ గిన్నె భయం పుట్టిస్తుంది. నేను మొదటి రోజును ముక్కలుగా చూశాను కనుక గిన్నె దగ్గర నాకు భయం పుట్టలేదు, "అయ్యో, మాడిపోయాయి" అనుకున్నానంతే. అయిదు వేశాను. తరువాత మేడ మీద, ఫోను పక్కన పెట్టి, అందరితో కలిసి ఏకబిగిన చూసినప్పుడు అదే గిన్నె దగ్గర ఊపిరి బిగపట్టాను. తొమ్మిది వేశాను.

ఇప్పుడు నా మార్కు ఏది? అయిదు వేసినప్పుడు నేను అబద్ధం ఆడలేదు. ఆ రోజు నేను చూసిన చిత్రానికి అదే తగిన మార్కు. కాని ఆకెర్మన్ తీసిన చిత్రం ఆ రోజు నా ముందుకు రాలేదు. మేడగది గారు అడిగినదానికి నా జవాబు ఇదే: మార్కు కొలిచేది అనుభవాన్నే, అయితే ఆ అనుభవం ఎలాంటి చోట, ఎలాంటి తెర మీద కలిగిందో పక్కన వ్రాయకపోతే ఆ అంకె సగమే చెబుతుంది.

లెక్కల మాస్టారు:

సుధ గారూ, రెండూ ఉంచండి. అయిదును కొట్టివేస్తే రేపు ఎవరూ మళ్లీ చూడటానికి ముందు చూపు మార్కు దాచుకోరు. తొమ్మిదిని పట్టికలో వేద్దాము, అయిదును పక్కన తేదీతో వ్రాద్దాము. కాని ఈ వెసులుబాటు పెరిగే మార్కులకే ఇవ్వడం కుదరదు. రెండోసారి చూసి తగ్గించేవారికీ అదే నియమం.

భీమిలి బాట:

రెండోసారి చూసి తగ్గించినవారిని నేను ఇంతవరకు చూడలేదు. జాబితా చిత్రమైతే అసలే చూడలేదు.

జగదాంబ బాల్కనీ:

అయితే నన్ను చూడండి. కుర్రతనంలో సిటిజన్ కేన్‌కు మనసులోనే పదికి పది వేసుకున్నవాణ్ణి. దగ్గరి వస్తువూ దూరపు మనిషీ ఒకే షాట్‌లో స్పష్టంగా కనబడేలా ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ పట్టిన తీరు చూసి మతి పోయింది. ఇటీవల మళ్లీ చూస్తే ఆ పనితనం అలాగే ఉన్నది, కేన్ అనే మనిషి మీద నాకున్న ఆసక్తి మాత్రం సగమైంది. ఇప్పుడు అడిగితే ఏడున్నర. దానివల్ల ఆ చిత్రానికి జరిగే నష్టమేమీ లేదు.

పథేర్ పాంచాలికి మాత్రం తగ్గలేదు. తండ్రి చాలాకాలానికి ఇల్లు చేరి, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ, తను లేనప్పుడు చనిపోయిన కూతురు దుర్గకని తెచ్చిన చీర బయటికి తీస్తాడు. అంతవరకు బిగబట్టుకున్న తల్లి సర్వజయ ఆ చీర పట్టుకుని కూలిపోతుంది. అక్కడ ఆవిడ ఏడుపు మనకు వినబడదు, తార్ షెహనాయి అనే తీగల వాద్యం వినబడుతుంది. ఎప్పుడు చూసినా నాకు అక్కడ పది తప్ప వేరే అంకె తోచదు. దీనికి 35వ స్థానమా, 3వ స్థానమా అన్నది ఆ సమయంలో గుర్తుకే రాదు.

ఎంవీపీ మేడగది:

అందరి మాటలూ విన్నాను. ఈ శనివారం నుండి ఈ మార్పులు చేస్తున్నాను, అభ్యంతరం ఉన్నవారు గురువారం లోగా ఇక్కడే చెప్పండి. సినిమాకు ముందు నా ఉపన్యాసం ఉండదు. పేరు, నిడివి, విరామం ఎక్కడ ఇస్తామో మాత్రం చెబుతాను. స్థానం, దర్శకుడి పద్ధతి, అవార్డులు చీటీలు డబ్బాలో పడిన తరువాత టీ దగ్గర మాట్లాడుకుందాము. చీటీ వెనుక "మొదటిసారి" లేదా "మళ్లీ" అని ఒక మాట వ్రాయండి, ఇంట్లో చూసి ఉంటే అదీ వ్రాయండి. పట్టికలో సగటు పక్కన తక్కువ, ఎక్కువ మార్కులు కూడా ఉంటాయి. అయిదుగురు ఊహా ప్రేక్షకుల సూత్రాన్ని మాస్టారు గారే నడిపిస్తే నేను అడ్డు చెప్పను.

భీమిలి బాట గారి కోరిక మీద నెలకొక శనివారం జాబితా బయటి తెలుగు చిత్రానికి కేటాయిస్తున్నాము. దాసి మంచి ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే తెలపండి. దొరకకపోతే మరో చరిత్రతో మొదలుపెడదాము. సుధ గారి అమ్మగారికి ఆ రోజు చెవిలో ఎవరూ చెప్పనక్కర లేదు.

కొత్తవలస కుర్రవాడు:

మరో చరిత్రకు కూడా నాలుగు వేసే హక్కు ఉంటుందా?

భీమిలి బాట:

ఉంటుంది. టీ దగ్గర నా పక్కన కూర్చుని కారణం చెప్పే బాధ్యత కూడా ఉంటుంది.